బిల్లు ఆగితే ఎవరి పొయ్యి ఆరుతుంది?

ప్రభుత్వ కార్యాలయంలో ఊడ్చేవారు, గేటు వద్ద కాపలా కాసేవారు, కంప్యూటరు ముందు కూర్చొని దరఖాస్తులు ఎక్కించేవారు, గురుకులాలలో వంట చేసేవారు, ఆసుపత్రులలో రోగులను చూసుకునేవారు, వీరిలో అత్యధికులు నేడు ప్రభుత్వోద్యోగులు కారు. వారు ఏదో ఒక ఏజెన్సీ మనుషులు. పని ప్రభుత్వానిది, హాజరుపట్టీ ప్రభుత్వ కార్యాలయానిది, తప్పు జరిగితే మందలించేది ప్రభుత్వ అధికారి. జీతం ఎప్పుడు వస్తుందని అడిగితే మాత్రం ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీని అడిగితే బిల్లు రాలేదంటుంది. ఈ రెండు జవాబుల నడుమ నలిగిపోతున్న కుటుంబాలలో మన సమాజానికి చెందినవి తక్కువేమీ కావు. అందుచేత ఈ మాసం ఈ చిన్న ఏజెన్సీల లెక్కలను, వాటి సిబ్బంది స్థితిని పాఠకుల ముందు ఉంచదలచాము.

ఏజెన్సీ అనగానే దోపిడీదారు అన్న భావన మనలో బలంగా ఉన్నది. అటువంటివారు లేరని మేము అనము. అయితే కోపంతో కాక కాగితం, కలంతో ఈ వ్యవహారాన్ని పరిశీలిస్తే అసలు జబ్బు ఎక్కడున్నదో తేటపడుతుంది.

ఉదాహరణకు నూరుగురు కార్మికులను సరఫరా చేసే ఒక చిన్న ఏజెన్సీని తీసుకుందాము. ఒక్కొక్కరి నెలజీతం 15,000 రూపాయలు అనుకుందాము. జీతాల పద్దు 15 లక్షలు. దానిపై యజమాని వాటాగా భవిష్యనిధికి 12 శాతం, దానితోపాటు బీమాకు అర శాతం, నిర్వహణ రుసుముగా మరో అర శాతం, మొత్తం 13 శాతం, అంటే 1,95,000 రూపాయలు చెల్లించాలి. ఇ.ఎస్.ఐ. కింద 3.25 శాతం, అంటే 48,750 రూపాయలు. వెరసి నెలకు 17,43,750 రూపాయలు. జీఎస్టీ వర్తించే చోట అది వేరు. ఏజెన్సీకి దక్కే కమీషను మూడు శాతమనుకుంటే 52,312 రూపాయలు. ఆ సొమ్ములోనే కార్యాలయపు అద్దె, లెక్కలు రాసే గుమాస్తా జీతం, పర్యవేక్షకుని రాకపోకల ఖర్చు, ఆడిటరు ఫీజు అన్నీ వెళ్ళాలి.

ఇప్పుడు బిల్లు ఆగిందనుకోండి. బడ్జెట్ విడుదల కాలేదని ఒక నెల, ట్రెజరీలో అభ్యంతరం రాశారని మరొక నెల. ఏజెన్సీ వద్ద సొంత పెట్టుబడి లేదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి జీతాలు ఇచ్చిందే అనుకుందాము. ఒక్క నెల బకాయిపై వడ్డీ 34,875 రూపాయలు. రెండు నెలల మొత్తం బయట నిలిచిపోతే నెలకు 69,750 రూపాయలు. అంటే రెండు నెలల బిల్లులు పేరుకునేసరికి కమీషను మొత్తం వడ్డీకే చాలదు. మూడవ నెల వచ్చేసరికి ఆ ఏజెన్సీకి మిగిలే దారులు రెండే. మూతపడటం, లేదా కార్మికుని సొమ్ముపై చేయి వేయటం. రెండవ దారే సులభమైనది. మొదట భవిష్యనిధి చెల్లింపు ఆగుతుంది. తరువాత ఇ.ఎస్.ఐ. ఆగుతుంది. ఆపైన జీతమే ఆగుతుంది.

ఈ నష్టం ఎంతటిదో కూడా చూద్దాము. 15,000 రూపాయల జీతంలో భవిష్యనిధికి కార్మికుని వాటా 1,800, యజమాని వాటా మరో 1,800. నెలకు 3,600 చొప్పున ఏడాదికి 43,200 రూపాయలు. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. నెలవారీ పింఛనుకు కనీసం పదేండ్ల సర్వీసు చూపాలి. ఏజెన్సీ మారిన ప్రతిసారీ కొన్ని నెలలు ఖాళీ పడితే ఆ పదేండ్లు ఎప్పటికి నిండుతాయి? ఇ.ఎస్.ఐ.లో జబ్బు కాలపు భృతికి ఆరు మాసాల చందా కాలంలో 78 రోజుల చందా లెక్కకు రావాలి. చందా జమ కాకపోతే, జబ్బుపడిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగా ఇంటివారు చలానాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. జీతపుచీటీలో కోత కనిపిస్తుంది, ఖాతాలో జమ కనిపించదు. దీనికి వేరే పేరు వెతకనక్కరలేదు.

ఈ స్థితికి మూలం టెండరు పద్ధతిలో ఉన్నది. తక్కువ కమీషను రాసినవానికే పని అన్న నియమం ఉన్నచోట, పని దక్కించుకోవటానికి కొందరు నామమాత్రపు శాతాన్ని కోట్ చేస్తున్నారు. కమీషను శూన్యమని రాసిన టెండరును పరిగణించరాదని కేంద్ర ఆర్థికశాఖ సేకరణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కారణం సులభమే. లాభం లేకుండా ఎవరూ వ్యాపారం చేయరు. కాగితం మీద లాభం లేదన్నవాడు దానిని మరొకచోట రాబట్టుకుంటాడు. ఉద్యోగం ఇప్పించినందుకు ముందుగా తీసుకునే డబ్బు, టెండరు మారినప్పుడు పాతవారిని కొనసాగించటానికి మళ్ళీ అడిగే డబ్బు, పట్టీలో పదిమందిని చూపి ఎనిమిదిమందితో పని చేయించటం, ఇవన్నీ ఆ రాబట్టుకోవటంలో భాగాలే. చాలని కమీషనుకు పని అప్పగించిన అధికారి ఖజానాకు ఆదా చేశాననుకోవచ్చు. ఆ ఆదా కార్మికుని జేబులోనుండి వచ్చిందన్న సంగతి ఏ ఫైలులోనూ నమోదు కాదు.

ఇది మైనారిటీ హక్కుల ప్రశ్న ఎట్లా అవుతుందని కొందరు అడగవచ్చు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం ఐ.ఎ.ఎస్.లో ముస్లిములు మూడు శాతం, ఐ.పి.ఎస్.లో నాలుగు శాతం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను చట్టం వచ్చింది. న్యాయస్థానాల గడపలు ఎక్కి దిగుతూనే అది నిలిచి ఉన్నది. అయితే రిజర్వేషను రోస్టరు నడిచేది నియామకం జరిగినచోట. అటెండరు, డ్రైవరు, టైపిస్టు పోస్టులు ఖాళీ అయినప్పుడు వాటిని భర్తీ చేయక ఏజెన్సీకి అప్పగిస్తే అక్కడ రోస్టరు అడగదగిన చోటే మాయమవుతుంది. మన పిల్లలకు అందుబాటులో ఉండే మొదటి మెట్టు ఈ చిన్న ఉద్యోగాలే. ఆ మెట్టునే తొలగించి పై అంతస్తులో నాలుగు శాతం ఉన్నదని చెప్పటం ఎంతవరకు న్యాయం?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దళారీ వ్యవస్థకు ప్రత్యామ్నాయంగా ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషను, అంటే ఆప్కాస్, ఏర్పడింది. 2020 జూలైలో నియామక పత్రాలు ఇచ్చారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కలిపి యాభై శాతం అన్న సూత్రాన్ని, నేరుగా బ్యాంకు ఖాతాలో జీతమన్న పద్ధతిని అప్పుడు ప్రకటించారు. ఆ కార్పొరేషను మంచిచెడ్డలపై రాజకీయ పక్షాలకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఔట్‌సోర్సింగ్‌లోనూ సామాజిక న్యాయం పాటించవచ్చునని ఒక ప్రభుత్వం కాగితం మీద అంగీకరించిందన్నది మాత్రం వెనక్కు తీసుకోలేని మాట. సంస్థ పేరు ఏదైనా, రాష్ట్రం ఏదైనా, ఆ సూత్రం నిలవాలని మేము కోరుతున్నాము.

చట్టం చేతులు కట్టుకొని కూర్చోలేదు. గుత్తేదారు జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమాని చెల్లించి, తరువాత గుత్తేదారు నుండి రాబట్టుకోవాలన్న నియమం 1970 నాటి ఒప్పంద కార్మిక చట్టంలో ఉండేది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ కూడా ఆ నియమాన్ని నిలిపింది. అయితే కేంద్ర చట్టంలో ఇరవైమంది కార్మికుల నుండి వర్తించే హద్దును ఆ కోడ్ యాభైకి పెంచింది. ముప్ఫై నలభైమందితో నడిచే చిన్న ఏజెన్సీల కార్మికులు ఆ గొడుగు బయట మిగిలిపోయే ప్రమాదం ఇక్కడున్నది. భవిష్యనిధికి ఇరవై, ఇ.ఎస్.ఐ.కి పది అన్న హద్దులు వేరు, వాటిని దీనితో కలిపి గందరగోళపడరాదు.

మరోవైపు నిజాయితీగా నడిచే చిన్న ఏజెన్సీకి కూడా రక్షణ ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఇవ్వవలసిన సొమ్మును గరిష్ఠంగా 45 రోజులలో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. సేవలందించే సంస్థలూ ఈ చట్టం కిందికి వస్తాయి. అధికారి మొగం చూసి వచ్చే ఏడాది టెండరు పోతుందేమోనన్న భయంతో ఈ హక్కును అడిగేవారు కనబడరు. ఒక్కొక్కరుగా భయపడేవారు సంఘంగా అడగవచ్చును.

కాబట్టి మా కోరికలు ఇవి. ఒకటి, కమీషనుకు కనీస హద్దు నిర్ణయించి, అంతకు తక్కువ రాసిన టెండరును తిరస్కరించాలి. రెండు, జీతాల మొత్తాన్ని కమీషను నుండి విడదీసి, అది ప్రతినెలా నిర్ణీత తేదీకి నేరుగా కార్మికుల ఖాతాలకు చేరే ఏర్పాటు చేయాలి. మూడు, గత నెల భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చలానాలు పేర్లవారీగా జతపరచనిదే కమీషను బిల్లు మంజూరు చేయరాదు. నాలుగు, ప్రతి కార్యాలయం ఏజెన్సీ ద్వారా పనిచేసేవారి సంఖ్యను, వారిలో ఏ వర్గంవారు ఎందరో నోటీసు బోర్డుపై ప్రకటించాలి. అయిదు, టెండరు మారినా మనుషులు మారరాదు, వారి సర్వీసు తెగరాదు.

ప్రభుత్వం చేయవలసింది చెప్పి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మన మసీదు కమిటీలు, యువజన సంఘాలు నెలకొక రోజు కూర్చొని, ఏజెన్సీలలో పనిచేసే మనవారి భవిష్యనిధి పాస్‌బుక్కులను ఫోనులో తెరిచి చూపించాలి. ప్రతి ఒక్కరి వద్ద యు.ఎ.ఎన్. సంఖ్య ఉన్నదా, ఆధార్ అనుసంధానమైనదా, గత నెల సొమ్ము జమ అయినదా అన్న మూడు ప్రశ్నలు చాలు. జమ కాకపోతే భవిష్యనిధి కార్యాలయానికి ఫిర్యాదు రాయించాలి. కార్యాలయం వద్దనున్న ఒప్పందపు ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. దరఖాస్తు రాయటం రాని తమ్మునికి విశ్రాంత ఉద్యోగులమైన మనలో ఎవరో ఒకరు కలం పట్టి సాయం చేయాలి. ఇంతకాలం ఫైళ్ళు నడిపిన చేతులకు ఇది భారం కాదు.

మన సమాజంలోనూ చిన్న ఏజెన్సీలు నడుపుతున్న సోదరులు ఉన్నారు. వారికి మా మనవి ఒకటే. ముందుగా చూపిన లెక్క టెండరు వేసేముందు మీరూ వేసుకోండి. రెండు నెలల జీతాలకు సరిపడే పెట్టుబడి లేనిదే నూరుగురి బరువు నెత్తికెత్తుకోకండి. కార్మికుని జీతం నుండి కోసిన 1,800 రూపాయలు మీ చేతిలో ఉన్నంతసేపు అది అమానతు. మీ అప్పు తీర్చుకోవటానికి దానిని వాడుకునే హక్కు మీకు లేదు.