ఒకే మాట... అందరికీ చేరాలంటే!

జులై, ఆగస్టు వచ్చాయంటే కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల దగ్గర మాటలన్నీ ఒక్కదాని చుట్టూనే... ధవళేశ్వరంలో నీటిమట్టం ఎంత? బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులైతే రెండోది. 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద పారింది.

హెచ్చరిక ఒక్కటే. వినేవాళ్లే రకరకాలు. సిగ్నల్ బాగా అందే ఊళ్లో ఇల్లు ఒకటి. ఏటి మధ్య లంకలో, గాలివానకి గరగరలాడే రేడియో ఇంకొకటి. ఎవరిని బట్టి పంపాలి? లంకవాళ్ల కోసం నెమ్మదిగా, నాలుగు ముక్కల్లో చెబితే ఊళ్లోవాళ్లకి వివరాలు అందవు. వివరాలన్నీ గబగబా పంపితే లంకలో గరగరే మిగులుతుంది. నిజానికి ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే!

ఈ చిక్కుకో శాస్త్రం ఉంది. ఎంత రొద ఉన్న దారికైనా ఒక వేగ పరిమితి ఉంటుందనీ, దానికి లోబడి తగిన సంకేతాల్లో పంపితే తప్పులు దాదాపు లేకుండా చేయొచ్చనీ 1948లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త క్లాడ్ షానన్ నిరూపించాడు. అది ఒకరు చెబితే ఒకరు వినే లెక్క. మరి వినేవాళ్లు ఇద్దరైతే? 1972లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు థామస్ కవర్ వేసిన ప్రశ్న ఇది.

కాసేపు వీళ్లకి, కాసేపు వాళ్లకి అని సమయం పంచడం మనకు తోచే ఉపాయం. అంతకన్నా మంచిది ఉందన్నాడాయన. ఎలాగంటారా? రేవులో ఓ పెద్ద బోర్డు ఊహించుకోండి. దానిమీద ‘ఖాళీ చేయండి’ అని నిలువెత్తు అక్షరాలు. ఆ అక్షరాల గీతల్లోనే సన్నగా నీటిమట్టం, పునరావాస శిబిరం, పడవల వివరాలు. నది మధ్యలో ఉన్నవాడికి పెద్ద మాట ఒక్కటే కనిపిస్తుంది. చాలు! దగ్గరున్నవాడు రెండూ చదువుకుంటాడు. సిగ్నల్‌లోనూ అంతే. ఒక పొర మీద ఇంకో పొర. మంచి సిగ్నల్ ఉన్నవాడు ముందు పెద్ద మాటను పట్టుకుని, దాన్ని తీసేసి, మిగిలినదాంట్లో సన్న మాట వింటాడు. కిటుకల్లా ఒక్కటే... ఎక్కువ శక్తి పెద్ద మాటకే ఇవ్వాలి. సన్న అక్షరాలు మితిమీరితే పెద్దవీ చెదిరిపోతాయి.

అమెరికా, కొరియాల్లో వాడే ఏటీఎస్‌సీ 3.0 డిజిటల్ టీవీ ప్రమాణంలో ఈ పొరల పద్ధతికి చోటుంది. మన దేశంలో 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమన్నాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. ఒక్కో నంబరుకీ విడిగా పంపకుండా, టవరు ఒక్కసారి చెబితే దాని పరిధిలోని ఫోన్లన్నీ వింటాయి.

అంతా తేలిపోయినట్టేనా? లేదు. ఇద్దరిలో ఒకరి సిగ్నల్ అన్ని విధాలా మెరుగని తెలిస్తే కవర్ లెక్కకు జవాబు దొరికింది. అలా తేల్చి చెప్పలేనప్పుడు గరిష్ఠంగా ఎంత పంపొచ్చన్నది, వినేవాళ్లు ఇద్దరే అయినా, అర్ధ శతాబ్దం దాటినా పూర్తిగా తేలలేదు. హెచ్చరిక రాసేవాళ్లకి మాత్రం అంతవరకూ ఆగే పనిలేదు. అందరికన్నా బలహీనంగా వినిపించే చోట ఏ ఒక్క మాట చేరాలో ముందు అది తేల్చుకోవాలి. వివరాలన్నీ దాని తర్వాతే!