పక్కగది దస్త్రము, పట్నము దారి

ఉపకార వేతనముల దరఖాస్తుల కాలములో మన కార్యాలయపు కిటికీ ముందు వరుస కదలదన్న సంగతి విద్యార్థి సోదరులందరికిని అనుభవమే. లోపల గుమాస్తాగారు ధ్రువపత్రముల ఫోల్డరును తెరచి, అది పూర్తిగా కనిపించువరకు తెర వైపు చూచుచు కూర్చుందురు. బాయిలో మొదటి షిఫ్టు ముగించుకొని, ఇల్లు చేరకుండనే కొడుకు కొరకు వరుసలో నిలిచిన తండ్రిని మేము చూచితిమి. ఆలస్యమై గడువు దాటినచో నష్టపోవునది ఆ ఇల్లే.

లైను చాలదు, పెద్దది వేయించవలెనని పలువురు అనుచున్నారు. మేము ఏకీభవింపజాలము.

గుమాస్తాగారి తెర గోదావరిఖనిలో ఉన్నది. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆయన నడుపు కంప్యూటరు హైదరాబాదులో ఉన్నది. స్కాను చేసిన కాగితములు మాత్రము మన పక్కగదిలోని యంత్రములోనే ఉన్నవి. ఆయన ఫోల్డరును తెరచినప్పుడు నిజమునకు అడుగునది హైదరాబాదు కంప్యూటరు. ప్రశ్న అక్కడి నుండి ఇక్కడికి వచ్చి, జవాబు అక్కడికి పోయి, దాని బొమ్మ మరల ఇక్కడి తెరకు చేరవలెను. నాలుగడుగుల దూరములోని కాగితమునకు ఇంత ప్రయాణము!

గనిలో పట్టాల దారిని ఎంత వెడల్పు చేసినను, ఒక టబ్బు పోయి తిరిగివచ్చిన పిదపనే మరియొక టబ్బును కట్టు పద్ధతి ఉన్నంతకాలము బొగ్గు త్వరగా పైకి రాదు. ఇదియు అంతియే. ఫోల్డరును చూపించు ఎక్స్‌ప్లోరర్ పేర్లతో తృప్తిపడదు. గుర్తుబొమ్మ కొరకును, చిన్న చిత్రము కొరకును ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి చూచును. ఒక రాకపోకకు 30 మిల్లీసెకన్లు పట్టుననుకొందము. 2,000 ఫైళ్ళకు ఒక్కొక్క ప్రశ్నయే వేసినను ఒక నిమిషము గడచిపోవును. లైను రెట్టింపు చేసినను ఆ నిమిషము తగ్గదు.

మేము చేసిన పరీక్ష చిన్నది. నల్లని కమాండు తెరలో డిర్ అని కొట్టగా పేర్లన్నియు కొద్ది క్షణములలో వచ్చినవి. అనగా జాప్యము పేర్లు తెచ్చుటలో లేదు, బొమ్మలు వెదకుటలో ఉన్నది. ఫోల్డరు లక్షణములలో చిత్రములు అని ఉన్నదానిని సాధారణ వస్తువులు అని మార్చి, చిన్న చిత్రములను ఆపితిమి. ఎప్పుడో తీసివేసిన యంత్రము పేరు మీద ఒక డ్రైవు ఇంకను మిగిలియున్నది. లేనివాని జవాబు కొరకు కంప్యూటరు ప్రతిసారి ఎదురుచూచుచుండెను. దానిని తొలగించితిమి. నిరీక్షణ చాలవరకు తగ్గినది.

పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతిని తిరిగి తెరువుమని ఒకరు సలహా ఇచ్చిరి. 2017లో వాన్నాక్రై ప్రవేశించినది ఆ పద్ధతిలోని లోపము ద్వారానే. పైగా 2006లో విస్టాతో వచ్చిన ఎస్‌ఎంబీ 2 పెక్కు ప్రశ్నలను ఒక్క మూటగా పంపగలదు. పాతది మాటిమాటికి అడుగును. వైరసు కాపలాను ఆపుమన్నవారి మాటయు మాకు రుచింపలేదు.

అసలు మందు వేరు. కాగితములును, వాటిని చదువు కంప్యూటరును ఒక్కచోట ఉండవలెను. మన ఆధారు, ఆదాయ పత్రములు ఊరు దాటిపోరాదను పెద్దల అభ్యంతరము సమంజసమే. అట్లయినచో ధ్రువపత్రముల పనికైనను దూరపు కంప్యూటరును విడిచి ఇక్కడి యంత్రము మీదనే చేయవచ్చును. ఈ రెండింటిలో ఏదో ఒకటి, వచ్చే దరఖాస్తులు మొదలగుటకు ముందే కళాశాల సంఘము నిర్ణయింపవలెనని కోరుచున్నాము. అంతవరకు ఏటికొక ఫోల్డరుగా విడదీసి పెట్టు పనికి మేము సిద్ధముగా ఉన్నాము.