పోకకే కాదు, రాకకూ ఖర్చు పెట్టాలి

బ్రెగ్జిట్‌తో వదులుకున్న ఎరాస్మస్ ప్లస్ పథకంలో 2027లో తిరిగి చేరతామని బ్రిటన్ ప్రభుత్వం 2025 డిసెంబరులో ప్రకటించింది. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లి చదువుకోవడానికి, బోధించడానికి యూరప్ ఉమ్మడిగా నడుపుతున్న పథకం అది. అందులోకి మళ్లీ దారి దొరకడం మంచి వార్తే. అయితే ఆ సంతోషంలో వేల్స్ అనుభవం మరుగున పడిపోకూడదు. ఎరాస్మస్ లేని కాలంలో వేల్స్ సొంతంగా ఒక పథకం పెట్టుకుని, లండన్ చేయని పని ఒకటి చేసింది. తన పిల్లల్ని బయటకు పంపడానికే కాక, బయటి పిల్లల్ని తన బడులకు రప్పించడానికి కూడా డబ్బు ఇచ్చింది. ఒక సెకండరీ స్కూలు చేపట్టే అంతర్జాతీయ కార్యక్రమాల విలువను ఎంతమంది విమానం ఎక్కారన్న లెక్కతో తూచడం తప్పని నా అభిప్రాయం. బడి గేటు దాటి లోపలికి ఎవరు వచ్చారు, ఊరు దాటని పిల్లల్లో ఎందరికి వారితో కలిసి కూర్చునే అవకాశం దొరికింది అన్నదే అసలు కొలమానం కావాలి.

2020 చివర ఎరాస్మస్ నుంచి తప్పుకున్నాక బ్రిటన్ ప్రభుత్వం ట్యూరింగ్ పథకం తెచ్చింది. తొలి ఏడాదికి 11 కోట్ల పౌండ్లు కేటాయించారు. కానీ అది ఏకముఖ పథకం. బ్రిటన్ నుంచి వెళ్లేవారికే సాయం, వచ్చేవారికి లేదు. వేల్స్ ప్రభుత్వం ఇది చాలదని 2021 మార్చిలోనే చెప్పింది. 2022 నుంచి 2026 వరకు 6.5 కోట్ల పౌండ్లతో 'తైథ్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, నిర్వహణను కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. నాలుగేళ్లలో 15,000 మందిని పంపాలి, 10,000 మందిని రప్పించాలి అన్నది పెట్టుకున్న లక్ష్యం. పట్టుమని 32 లక్షల జనాభా కూడా లేని దేశం ఆ రెండో అంకెను లక్ష్యపత్రంలో రాసుకోవడమే విశేషం. విశ్వవిద్యాలయాలే కాదు, బడులు, యువజన సంఘాలు, వృత్తి శిక్షణ కళాశాలలు కూడా ఇందులో భాగమయ్యాయి. పేద కుటుంబాల పిల్లలకూ వైకల్యం ఉన్న పిల్లలకూ అదనపు సాయం ఏర్పాటు చేశారు.

వచ్చేవారికి ఎందుకు ఖర్చు పెట్టాలి? వెయ్యి మంది చదివే బడి నుంచి ముప్పై మంది ఫ్రాన్స్‌కో జర్మనీకో వెళ్లి వచ్చారనుకుందాం. ఆ ముప్పై మందికీ అది జీవితాంతం గుర్తుండే వారం. మిగతా 970 మందికి అది నోటీసు బోర్డు మీది ఫొటోలు మాత్రమే. అదే ముప్పై మంది అతిథులు వారం పాటు బడికి వస్తే వాళ్లు చరిత్ర పాఠంలో కూర్చుంటారు, సైన్సు ల్యాబులో జట్టు కడతారు, క్యాంటీన్ వరుసలో నిలబడతారు, మార్చి 1న సెయింట్ డేవిడ్ పండగకు బడిలో జరిపే ఐస్టెడ్‌వడ్ పోటీల్లో పాట పాడతారు. అంతకన్నా ముఖ్యంగా, ప్రశ్నలు అడుగుతారు. దక్షిణ వేల్స్ లోయల్లోని ఒక బడిని తీసుకోండి. జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతం నుంచి వచ్చిన పదమూడేళ్ల పిల్ల, ఎదురుగా పచ్చగడ్డి కప్పుకున్న గుట్టను చూపి, దీని ఆకారం ఇలా ఉందేమిటని అడిగితే, ఊరి పిల్లవాడు జవాబు చెప్పాలి. అది కొండ కాదని, గని నుంచి తవ్విపోసిన మట్టి అని చెప్పాలి. 1966 అక్టోబరు 21న అబర్‌వాన్‌లో అలాంటి గుట్టే జారి బడి మీద పడిందని, 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారని చెప్పాలి. తన తాత ఏ గనిలో పనిచేశాడో, అది ఎప్పుడు మూతపడిందో తెలియకపోతే ఆ సాయంత్రం ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. విదేశం వెళ్లిన పిల్లవాడు కొత్త చోటును చూస్తాడు. అతిథికి ఊరు చూపించే పిల్లవాడు తన చోటును మొదటిసారిగా పరాయి కళ్లతో చూస్తాడు. 2022 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన వేల్స్ పాఠ్యప్రణాళిక పిల్లల్ని 'వేల్స్‌కూ ప్రపంచానికీ' నైతికత, అవగాహన గల పౌరులుగా తీర్చిదిద్దాలంటోంది. ఆ రెండూ ఒకే గంటలో జరిగే సందర్భం ఇంతకన్నా ఏముంటుంది?

ఎవరు వెళ్తున్నారన్న ప్రశ్నను కూడా సూటిగా చూడాలి. ఇంగ్లండుకూ వేల్స్‌కూ వర్తించే 1996 విద్యా చట్టం ప్రకారం బడి వేళల్లో ఇచ్చే చదువుకు రుసుము వసూలు చేయకూడదు. తల్లిదండ్రుల్ని స్వచ్ఛంద విరాళం అడగవచ్చు గానీ, ఇవ్వలేదని పిల్లవాణ్ని పక్కన పెట్టకూడదు. బడి వేళలకు బయట జరిగి, పాఠ్యప్రణాళికలో భాగం కాని యాత్ర అయితే మాత్రం దాన్ని ఐచ్ఛికం కింద లెక్కగట్టి మొత్తం ఖర్చు తల్లిదండ్రుల నుంచే తీసుకోవచ్చు. సెలవుల్లో ఆల్ప్స్ పర్వతాలకు తీసుకెళ్లే స్కీయింగ్ యాత్రలు ఈ కోవలోవే. వేల్స్‌లో పది మంది పిల్లల్లో దాదాపు ముగ్గురు పేదరికంలో పెరుగుతున్నారు. పాస్‌పోర్టు రుసుమే 60 పౌండ్లు దాటే చోట, వందల పౌండ్ల యాత్ర గురించి ఆ ఇళ్లలో చర్చ కూడా జరగదు. యాత్ర గురించి బడి ఇచ్చిన ఉత్తరం ఇంటికి చేరక ముందే పిల్లలే దాన్ని సంచి అడుగున దాచేస్తారు. బడి తన వెబ్‌సైటులో ఏడాదికి ఆరు దేశాల యాత్రలు చూపించవచ్చు. ఆ ఆరింటికీ వెళ్లేది అవే పాతిక కుటుంబాల పిల్లలైతే అందులో ప్రజాధనం పెట్టాల్సిన పనేమీ లేదు.

అందరికీ వాటా ఉండాలన్న విషయంలో వేల్స్‌కు ఒక మంచి ఉదాహరణ ఉంది. 1963 సెప్టెంబరు 15న అమెరికాలోని అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతీయుల చర్చిలో జాత్యహంకారులు పెట్టిన బాంబుకు నలుగురు బాలికలు బలయ్యారు. పగిలిపోయిన కిటికీ స్థానంలో కొత్త రంగుటద్దాల కిటికీ చేసి ఇస్తానని వేల్స్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు జాన్ పెట్స్ ముందుకొచ్చాడు. 'వెస్టర్న్ మెయిల్' పత్రిక చందాలు పిలుస్తూ ఎవరూ అర క్రౌను నాణెం మించి ఇవ్వకూడదని షరతు పెట్టింది. ఏ ఒక్క ధనికుడూ మొత్తం తానే ఇచ్చేయకూడదని, అది వేల్స్ ప్రజలందరి కానుక కావాలని ఆ షరతు. పిల్లలు కూడా తమ చిల్లర డబ్బులిచ్చారు. 1965లో ఆ కిటికీ చర్చిలో వెలిసింది. ఇర్ద్ యువజన సంస్థ వేల్స్ పిల్లల్ని ఆ ఊరికి తీసుకువెళ్లి, అక్కడి యువ గాయకులను వేల్స్‌కు రప్పించగలుగుతున్నదంటే ఆ అర క్రౌన్ల పుణ్యమే. దేశాల మధ్య అరవై ఏళ్లు నిలిచిన బంధానికి పునాది ఖరీదైన యాత్ర కాదు, అందరి భాగస్వామ్యం.

అతిథుల్ని పిలవడం అంత సులువా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒకప్పుడు పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు బస చేసేవారు. భద్రతా నిబంధనల మీద, బాధ్యత మీద భయాలు పెరిగాక చాలా బడులు ఆ పద్ధతి నుంచి వెనక్కు తగ్గి హోటళ్లలో బస చేసే యాత్రలకు మళ్లాయి. పైగా రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఉండే కుటుంబం అతిథిని ఎక్కడ పడుకోబెడుతుంది? అందుకే ఇళ్ల బస మీదే ఆధారపడితే ఆతిథ్యం కూడా కలిగినవారి సొత్తు అవుతుంది. దీనికి దారి వేల్స్‌లోనే ఉంది. 1922లో పుట్టిన ఇర్ద్‌కు లాంగ్రానోగ్‌లో, గ్లాన్‌లిన్‌లో, కార్డిఫ్‌లో పిల్లల బసకు సొంత కేంద్రాలున్నాయి. అతిథులూ ఆతిథేయులూ కలిసి మూడు రోజులు అక్కడ, రెండు రోజులు బడిలో గడిపేలా ఏర్పాటు చేస్తే ఇంటి వైశాల్యం అడ్డు కాదు. 1922 నుంచీ ఏటా వేల్స్ పిల్లల పేరిట ప్రపంచానికి వెళ్తున్న శాంతి సందేశాన్ని ఇప్పుడు నడిపేదీ ఆ సంస్థే. మే 18న వెలువడే ఆ సందేశాన్ని పదుల కొద్దీ భాషల్లోకి మారుస్తారు. ప్రతి తరగతి గదికీ అందే అంతర్జాతీయ కార్యక్రమం ఇంత తక్కువ ఖర్చుతో మరొకటి దొరకదు.

సరిహద్దు నిబంధనలు మరో అడ్డంకి. 2021 అక్టోబరు నుంచి యూరప్ పిల్లలకు గుర్తింపు కార్డు సరిపోదని, పాస్‌పోర్టు కావాలని బ్రిటన్ పట్టుబట్టింది. ఫ్రెంచ్ బడులు బ్రిటన్‌ను వదిలి ఐర్లండ్ వైపు చూడటం మొదలుపెట్టాయి. చివరకు 2023 డిసెంబరులో ఫ్రాన్స్ బడి బృందాలకు మినహాయింపు ఇచ్చారు. బడులు తమ చేతుల్లో ఉన్నదంతా చేసినా, ఒక్క పాస్‌పోర్టు నిబంధనతో రాక ఆగిపోతుందని ఆ రెండేళ్లు రుజువు చేశాయి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం చదువు ప్రమాణాల గురించి. 2022 అంతర్జాతీయ పీసా పరీక్షల్లో వేల్స్ పిల్లలకు గణితంలో 466, పఠనంలో 466, సైన్సులో 473 పాయింట్లు వచ్చాయి. బ్రిటన్‌లోని నాలుగు ప్రాంతాల్లో ఇవే అట్టడుగు. చదవడమే సరిగా రాని పిల్లలకు విదేశీ మైత్రి ఎందుకని అడిగేవారిని కొట్టిపారేయలేం. రాకపోకల వల్ల లెక్కల మార్కులు పెరుగుతాయని నేను అనను, అలాంటి హామీలిచ్చేవారిని నమ్మను కూడా. అయితే దెబ్బతిన్న వాటిలో విదేశీ భాషలు కూడా ఉన్నాయని గుర్తు చేయాలి. 2002 తర్వాత వేల్స్‌లో పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ స్థాయిలో విదేశీ భాష తీసుకునే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. ఆ పతనం చూసే 2015లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో, భాషలు చదివే డిగ్రీ విద్యార్థులను సెకండరీ స్కూళ్లకు పంపి, పిల్లలతో కూర్చోబెట్టి మాట్లాడించే మార్గదర్శక కార్యక్రమం మొదలైంది. అందులో పాల్గొన్న పిల్లల్లో భాషను ఎంచుకునేవారి సంఖ్య పెరిగింది. అందుకోసం వాళ్లు విదేశం వెళ్లనక్కర్లేకపోయింది. ఆ భాషలో ఆసక్తిగా మాట్లాడే మనిషి వాళ్ల దగ్గరకు వచ్చాడు, అంతే. మనిషి రాక ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇది గట్టి సాక్ష్యం.

ఆ మనిషి ఇప్పటికే తరగతిలో ఉండవచ్చు కూడా. కొత్త పాఠ్యప్రణాళికలో అంతర్జాతీయ భాషలంటే ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ మాత్రమే కాదు, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలు కూడా. ఉద్యోగాల కోసమో పై చదువుల కోసమో కార్డిఫ్, స్వాన్సీ చేరుకున్న తెలుగు కుటుంబాల పిల్లలు పదహారేళ్ల వరకు వేల్స్ భాష వెల్ష్‌ను తప్పనిసరిగా చదువుతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, వెల్ష్ నడుపుకునే ఆ పిల్లలు రెండు భాషల మధ్య వంతెన కట్టడం రోజూ చేస్తున్నవారే. అతిథులు వచ్చినప్పుడు వారికి తోడుగా నిలబడే బాధ్యత ఇలాంటి పిల్లలకు అప్పగిస్తే బడికి లాభం. అది ఆ పిల్లలకు దక్కాల్సిన గౌరవం కూడా.

విమాన ప్రయాణాల వల్ల వాతావరణానికి కలిగే చేటు గురించి వేల్స్‌లో మాట్లాడేవారు ఎక్కువే. భావితరాల శ్రేయస్సు కోసం 2015లో చట్టం చేసి, ప్రపంచం పట్ల బాధ్యతను అందులో ఒక లక్ష్యంగా రాసుకున్న దేశం కదా. ఫ్రాన్స్‌కూ జర్మనీకీ రైలు ఉంది, ఆ ప్రయాణాలకే మొగ్గు చూపాలి. దూర దేశాలకు ఏటా కొత్త బృందాన్ని పంపేకన్నా ఇద్దరు ఉపాధ్యాయులు వెళ్లి, అక్కడి ఇద్దరు వచ్చి, మిగతా ఏడాదంతా రెండు తరగతులూ కలిసి ఒకే పాఠం మీద పనిచేయడం మేలు. దూర దేశాల విషయంలో మరో చిక్కు కూడా ఉంది. పేద దేశానికి వెళ్లి గోడకు సున్నం వేసి వచ్చే యాత్రల వల్ల, మనం ఇచ్చేవాళ్లం, వాళ్లు పుచ్చుకునేవాళ్లు అన్న భావన పిల్లల్లో నాటుకుంటుంది. 1985లో వైద్యుడు కార్ల్ క్లోవెస్ చొరవతో వేల్స్, లెసోతో మధ్య ఏర్పడిన డోలెన్ కమ్రీ బంధం దీనికి విరుగుడు చూపింది. రెండూ చిన్నవి, కొండల దేశాలు, రెండు భాషలతో బతికేవి, పెద్ద పొరుగుదేశం నీడలో ఉన్నవి. సమానుల మధ్య పోలిక అక్కడ సహజంగా కుదిరింది. దాతృత్వం కాక, పోలికలు వెతుక్కునే పాఠం బడికి కావాలి. మన దేశంలో మేఘాలయ ఖాసీ కొండలకు 1841లో వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ వచ్చి ఖాసీ భాషకు రోమన్ లిపిలో రాత ఏర్పరిచాడు. ఆ చరిత్రను షిల్లాంగ్ పిల్లలూ వేల్స్ పిల్లలూ కలిసి చదివితే, ఒకే సంఘటన రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు గుర్తుండిపోయిందో ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక్కడే 2027 గురించి ఆందోళన. ఎరాస్మస్ ప్లస్‌లో బడి పిల్లల రాకపోకలు ప్రధానంగా యూరప్ దేశాల మధ్యనే. లెసోతో, మేఘాలయ దాని పరిధిలోకి తేలిగ్గా రావు. 1865లో మిమోసా ఓడ ఎక్కి వెళ్లిన వెల్ష్ వలసదారుల వారసులు నేటికీ వెల్ష్ మాట్లాడే అర్జెంటీనాలోని చుబుత్ కూడా రాదు. అక్కడి గైమన్, త్రెలెవ్ బడులకు వేల్స్ నుంచి 1997 నుంచీ ఉపాధ్యాయులు వెళ్తున్నారు. ఎరాస్మస్ వచ్చిందని సొంత పథకం చాలించుకుంటే ఈ బంధాలే ముందు తెగుతాయి. యూరప్ ఖర్చు ఎరాస్మస్ భరిస్తుంది కాబట్టి మిగిలే సొంత డబ్బును వేల్స్ ప్రభుత్వం రెండు పనులకు కేటాయించాలి: యూరప్ బయటి భాగస్వాముల రాకకు, సొంతంగా దరఖాస్తు రాసుకునే సిబ్బంది లేని చిన్న బడులకు. యాత్ర దరఖాస్తులు, ప్రమాద అంచనా పత్రాలు, తల్లిదండ్రుల అనుమతులు, మందుల జాబితాలు, సెలవులో ఉన్న టీచరు స్థానంలో మరొకరి ఏర్పాటు, ఇవన్నీ చాలా బడుల్లో ఒక్క భాషా ఉపాధ్యాయురాలి నెత్తిన పడుతున్నాయి. ఆమె బడి మారిన ఏడాదే కార్యక్రమం ఆగిపోతుంది. నాలుగైదు బడులకు కలిపి ఒక సమన్వయకర్తను జీతంతో నియమించడం, ఎంతమంది వెళ్లారన్న దానితో పాటు ఎంతమంది వచ్చారు, ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల్లో ఎందరు పాల్గొన్నారు అన్న లెక్కలను ప్రతి బడీ ఏటా ప్రకటించాలని నిబంధన పెట్టడం 2027లోగా వేల్స్ ప్రభుత్వం చేయగలిగిన పనులే.