క్రిస్మస్ మర్నాడు ఎవరి పండుగ?

డిసెంబరు రాగానే మన బడిలో దూదితో గడ్డం తయారవుతుంది. ఎర్ర టోపీ పెట్టుకున్న అన్నయ్య ఒకరు చాక్లెట్లు పంచుతారు. తర్వాత సెలవులు. సరదాగానే ఉంటుంది. కానీ క్రిస్మస్ అంటే ఇంతేనా అని మేము అడుగుతున్నాం.

ఆ తాతకు మూలం పునీత నికొలాసు. ఆయన ఇప్పటి టర్కీలోని మైరాకు బిషప్. ఆయన పండుగ డిసెంబరు 6. డిసెంబరు 3న ఫ్రాన్సిస్ జేవియర్‌ను తలచుకుంటారు. తెలుగు కతోలికులు ఆయనను శౌరి అంటారు. గుంటూరు వైపు వినిపించే శౌరయ్య, శౌరమ్మ పేర్లు అలా వచ్చినవే. 26న పునీత స్తెఫాను, 27న పునీత యోహాను, 28న హేరోదు రాజు చంపించిన బేత్లెహేము పసిబిడ్డలు.

వీరిలో మాలాంటి ట్రాన్స్‌ఫర్ పిల్లలకు స్తెఫాను బాగా దగ్గర. యెరూషలేములో భర్త చనిపోయిన స్త్రీలకు రోజూ భోజనం పంచేవారు. గ్రీకు మాట్లాడేవారికి సరిగా అందడం లేదని గొడవ వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి ఏడుగురిని ఎన్నుకున్నారని బైబిలు చెబుతుంది. వారిలో మొదటి పేరు స్తెఫానుదే. తర్వాత ఆయన నమ్మకం కోసం రాళ్ల దెబ్బలు తిని ప్రాణం విడిచారు.

భాష వేరైతే పంక్తిలో వెనకబడడం మనకు తెలియనిదా? సంవత్సరం మధ్యలో విశాఖ నుంచో సికింద్రాబాద్ నుంచో ఢిల్లీ వచ్చి, హిందీ రాక, లంచ్ డబ్బా ఒక్కరే తెరుచుకునే పిల్లలు ఉంటారు. బాల యేసును కూడా అమ్మానాన్నలు రాత్రికి రాత్రే ఐగుప్తుకు తీసుకుపోయారు.

ఇది ఒక మతం సంగతి కదా అని కొందరు అనవచ్చు. 2022 నుంచి డిసెంబరు 26న వీర్ బాల్ దివస్ జరుపుకుంటున్నాం. గురు గోవింద్ సింగ్ గారి చిన్న కొడుకులు జొరావర్ సింగ్, ఫతే సింగ్ కథ వింటున్నాం. ఆ కథ వినడానికి మతం అడ్డు రాలేదు. గోల్ డాక్‌ఖానా దగ్గర సేక్రెడ్ హార్ట్ కెథీడ్రల్, బంగ్లా సాహిబ్ గురుద్వారా పక్కపక్కనే ఉన్నాయి. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ రెండు గడపల కథలూ తెలుసుకుందాం.

మేము కోరేది చిన్నదే. సెలవులకు ముందు అసెంబ్లీలో ఐదు నిమిషాలు స్తెఫాను కథ చెప్పాలి. ఆ రోజు లంచ్‌లో ప్రతి క్లాసూ కొత్తగా చేరినవారిని పిలిచి తమ మధ్య కూర్చోబెట్టుకోవాలి. వచ్చే ఏడు మనలో ఎవరికి ట్రాన్స్‌ఫర్ వస్తుందో తెలియదు. అక్కడ మనల్నీ ఎవరో ఒకరు పిలవాలి కదా!