నొప్పికి తూకం

నొప్పిని చెప్పుకోవడానికి మన భాషలో మాటలకు లోటు లేదు. తల పోటు, పుండు సలుపు, కడుపులో నులి, నడుం పట్టు, కాళ్ళ పీకుడు— వొక్కొక్క బాధకు వొక్కొక్క మాట. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక, నాకిది గర్వంగానే వుంటుంది. అయితే ఇన్ని మాటలుండీ, బాధపడేవారి మాట నమ్మేవారు లేకపోతే ఏం లాభం?

మా చెల్లెలి సంగతే చూడండి. ఆవలిస్తే దవడ కటుక్కుమంటుంది. చేగోడీ కొరికితే చెంపలు పీకేస్తాయి. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనిపించలేదు. "ఏమీ కనిపించలేదట" అన్నది ఇల్లు చేరేసరికి "ఏమీ లేదట" అయింది. మర్నాటికి "అంతా వంట తప్పించుకోడానికే" అయింది!

చెవి ముందు వేలుంచి నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేదే దవడ కీలు. పళ్ళు బిగిస్తే చెంపమీద, కణతమీద గట్టిపడేవి నమిలే కండరాలు. కీలు బాధలని మనం చెప్పుకునేవాటిలో చాలాభాగం ఈ కండరాల నొప్పే. ఎముకను చూపించే ఎక్స్‌రేకు అది ఎలా దొరుకుతుంది?

అందుకే దంతవైద్యులు వేలిని నమ్ముకున్నారు. 2014లో ప్రకటించిన అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, ఈ కండరాలమీద సుమారు 1 కిలో బరువుతో 2 సెకండ్లు వత్తుతారు. నొప్పి వుందా అని అడిగి వూరుకోరు, "మీరు రోజూ పడే నొప్పి ఇదేనా?" అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే మా చెల్లెలి కళ్ళు చెమర్చాయి. అంతవరకు అలా అడిగినవారే లేరు మరి!

ఇంకా కచ్చితంగా కొలవాలంటే అల్గోమీటరనే పరికరం వుంది. దాని కొసన చిన్న రబ్బరు బిళ్ళ వుంటుంది. దాన్ని చెంపకు ఆనించి, వత్తిడిని నిదానంగా, వొకే తీరున పెంచుతారు. వత్తిడి కాస్తా నొప్పిగా మారిన క్షణాన రోగి మీట నొక్కాలి. అప్పటి అంకెను 'నొప్పి గడప' అందాం. ఈ జబ్బు వున్నవారు సాధారణంగా ఆ గడపను త్వరగా దాటుతారు. కొందరికి చేతిమీద వత్తినా అంతే. నొప్పిని అందుకునే నరాల వ్యవస్థే పదునెక్కి వుంటుందన్నమాట.

అయినా ఆ అంకె వొక్కటే తీర్పు చెప్పదు. మనిషికీ మనిషికీ, రోజుకీ రోజుకీ అది మారుతుంది. చికిత్సకు ముందూ తరువాతా అదే మనిషిలో కొలిచి చూస్తే దాని విలువ తెలుస్తుంది.

నాకు నచ్చిందల్లా వొక్కటే: మీట రోగి చేతిలో వుండడం. అంతటి పరికరమూ "అమ్మా, ఇక చాలు" అనేదాకా వేచివుంటుంది. ఇంట్లోవాళ్ళం, మనం ఆ మాత్రం ఆగి వినలేమా?