రక్తానికి పరీక్ష సరే.. దాతకు కబురేదీ?

* సాత్తూరు ఘటన నేర్పిన పాఠం
* కొత్త యంత్రంతోనే సరిపోదు

విరుదునగర్: సాత్తూరు, శివకాశి, రాజపాళయం.. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఊళ్లివి. 2018 డిసెంబరులో ఇక్కడ జరిగిన ఘటన దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. రక్తహీనతతో సాత్తూరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లిన గర్భిణికి ఎక్కించిన రక్తంలో హెచ్‌ఐవీ ఉంది. అది శివకాశి ప్రభుత్వాసుపత్రి బ్లడ్‌బ్యాంకు నుంచి వచ్చిన రక్తం.

ఇచ్చింది బంధువు కోసం వెళ్లిన ఓ కుర్రాడు. ఆ తర్వాత విదేశంలో ఉద్యోగం కోసం వైద్య పరీక్ష చేయించుకుంటే వైరస్ సంగతి బయటపడింది. తనే వచ్చి బ్లడ్‌బ్యాంకులో చెప్పాడు. అప్పటికే రక్తం ఎక్కించేశారు. ఆ బాధ తట్టుకోలేక నెలాఖరులోనే ప్రాణాలు తీసుకున్నాడు. బాధితురాలికి రూ.25 లక్షల పరిహారం ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2019 జులైలో ఆదేశించింది.

ముందే తెలుసు.. కానీ!

అసలు విషాదం వేరే ఉంది. ఈ కుర్రాడు 2016లోనే ఒకసారి రక్తం ఇచ్చాడు. అప్పుడే పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. ఆ మాట మాత్రం అతని చెవిన పడలేదు. ఆనాడే చెప్పి ఉంటే మందులు మొదలయ్యేవి. రెండోసారి రక్తం ఇవ్వడానికి వెళ్లేవాడే కాదు. ఒక్క కబురు అందక రెండు జీవితాలు తలకిందులయ్యాయి.

న్యాట్ ఉంటే ఆగేదా?

మన దేశంలో దాత ఇచ్చిన ప్రతి యూనిట్‌కు హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. వైరస్ సోకిన కొత్తలో పరీక్షకు దొరకని రోజులు కొన్ని ఉంటాయి. దీన్నే విండో పీరియడ్ అంటారు. యాంటీబాడీలను చూసే ఎలీసాలో హెచ్‌ఐవీకి ఇది సుమారు మూడు వారాలు. వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే న్యాట్ పరీక్షతో పది రోజుల దాకా తగ్గుతుంది. హెపటైటిస్-సికి రెండు నెలలు కాస్తా వారం, పది రోజులవుతుంది. అయినా సున్నా కాదు.

ఘటన తర్వాత అందరూ న్యాట్ గురించే మాట్లాడారు. అది రావాల్సిందే. కానీ రెండేళ్ల కిందటే వైరస్ ఉన్న రక్తాన్ని పట్టడానికి ఎలీసా చాలు. ఇక్కడ తప్పింది యంత్రం కాదు, మనుషుల పని. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చైబాసాలో తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకిన వార్తతో ఇదే భయం మళ్లీ లేచింది.

జాబితా ఆపుతుందా?

ముప్పు ఎక్కువని ట్రాన్స్‌జెండర్లు, సెక్స్ వర్కర్లు, స్వలింగ సంబంధాలున్న పురుషులు రక్తం ఇవ్వకుండా 2017 మార్గదర్శకాలు నిషేధించాయి. దీనిపై సుప్రీంకోర్టులో సవాలు దాఖలైంది. బ్రిటన్ 2021లో వర్గాన్ని బట్టి కాక, ఒక్కొక్కరి ప్రవర్తనను బట్టి నిర్ణయించే పద్ధతికి మారింది. బంధువు కోసం వచ్చిన కుర్రాణ్ని ఏ జాబితా ఆపుతుంది? చుట్టాలంతా బయట నిలబడి ఉంటే, లోపల అడిగే ప్రశ్నలకు నిజం చెప్పే ధైర్యం ఎందరికి ఉంటుంది? అందుకే దాతతో ఒంటరిగా, అతనికి అర్థమయ్యే భాషలో మాట్లాడాలి. సంతకం పెట్టించుకుని పంపేస్తే కాదు.

దాత ఏం చేయాలి?

* పరీక్షలో తేడా వస్తే తెలియజేయమంటారా అని దాత పత్రంలో అడుగుతారు. ‘అవును’ అని రాయాలి. చిరునామా, ఫోన్ నంబరు సరిగ్గా ఇవ్వాలి.
* అనుమానం ఉంటే పరీక్ష కోసం రక్తదానం చేయొద్దు. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. వివరాలు బయటపెట్టరు. ఉచిత హెల్ప్‌లైన్ 1097.
* హెపటైటిస్-సి చాలామందికి 12 వారాల మందులతో నయమవుతుంది. హెచ్‌ఐవీకి మందులు జీవితాంతం వాడాలి, కానీ మామూలుగా బతకొచ్చు.

బ్లడ్‌బ్యాంకు ఎన్ని యూనిట్లు సేకరించిందన్న లెక్క ఏటా చూస్తారు. పాజిటివ్ వచ్చిన దాతల్లో ఎందరికి కబురు చేరింది, ఎందరు చికిత్సకు వెళ్లారు అన్న లెక్క కూడా అంతే గట్టిగా అడగాలి. పారబోసిన రక్తం సంచితో పని అయిపోదు. ఆ రక్తం ఇచ్చిన మనిషి ఊళ్లోనే ఉంటాడు.