గుత్తి మొత్తం యివ్వకండి

తాళంచెవుల విషయంలో మన ఆడవాళ్లకు వున్న వివేకం మగవాళ్లకు లేదని నా అభిప్రాయం. పొరుగూరు వెడుతూ పక్కింటావిడకు చెవి యిచ్చినా, అది పెరటి తలుపు చెవే అయివుంటుంది. బీరువా చెవి బొడ్లోనే వుంటుంది. తిరిగివచ్చిన పూటే ఆ పెరటి చెవి కూడా వెనక్కు వచ్చేస్తుంది. యీనాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కంప్యూటరు చదువు చదివే పిల్లలున్న ప్రతి యింటికీ యీ వివేకం కావలసివచ్చింది.

ఎందుకంటారా? వినండి.

మా మేనకోడలు కోదాడలో యింజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. 1967లో సాగరు కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు యెలా పెరిగాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడి వొక మిల్లు యజమాని బియ్యం ఫొటోలు కొన్ని వేలు తీయించి యీ పిల్ల చేతికిచ్చాడు. ఫొటో చూసి నూక యెంత, నిండు గింజ యెంత అని చెప్పే ప్రోగ్రాము వ్రాయడం ఆమె పని. యిస్తూ ఆయన వొక్క మాట అన్నాడట: "అమ్మా, ఇవి బయటికి పోవద్దు. పక్క మిల్లాయనకు నా సరుకు సంగతి తెలిస్తే నాకు నష్టం."

ప్రోగ్రామూ, ఫొటోలూ ఆమె గిట్‌హబ్‌లో దాచింది. 2008లో మొదలై, 2018లో మైక్రోసాఫ్టు చేతికి వచ్చిన గిడ్డంగి అది. 2019 జనవరికి ముందు, యితరుల కంటబడని గది కావాలంటే సామాన్యంగా సొమ్ము చెల్లించవలసి వుండేది. యిప్పుడు వుచితమే. అయితే యింట్లో ల్యాప్‌టాపుకు అన్ని ఫొటోలు చదివే సత్తువ లేదు. అందుకని గూగుల్ వారి కోలాబ్ నోటుబుక్కులో పని చేస్తుంది. నోటుబుక్కంటే కాగితాలది కాదు సుమండీ! బ్రౌజరులో గడి తెరిచి ప్రోగ్రాము వ్రాస్తే, యెక్కడో వారి యంత్రం దాన్ని నడిపి జవాబు ఆ గడి కిందనే చూపిస్తుంది. వుచితంగా వాడుకునేవారికి మహా అయితే 12 గంటలు. ఆ తర్వాత సత్రం గది వూడ్చినట్లు వూడ్చేస్తారు. మళ్లీ వచ్చినప్పుడు గిడ్డంగి నుంచి సరుకు మళ్లీ తెచ్చుకోవలసిందే.

మరి తాళం వేసిన గిడ్డంగిని సత్రంలో నుంచి తెరవడం యెలా? 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ వారు యీ పనికి పాస్‌వర్డు వొప్పుకోవడం మానేశారు. దాని బదులు టోకెను అనే పొడుగాటి అక్షరాల వరుస యివ్వాలి.

"వొక్క లైనే గద మామయ్యా! టోకెను ఆ చిరునామాలోనే అతికిస్తే అయిపోతుందని మా క్లాసువాళ్లు అంటున్నారు" అన్నది మా మేనకోడలు.

"అయిపోతుంది తల్లీ. ఆ నోటుబుక్కు రేపు యెవరికి పంపుతావు?"

"మా సారుకు. మా బ్యాచిలో ముగ్గురికి."

"టోకెను కూడా వాళ్లకు చేరినట్లే గదా?"

పిల్ల ఆలోచనలో పడింది. నోటుబుక్కులో వ్రాసినది గూగుల్ డ్రైవులో దాగుతుంది. తుడిచినా పాత ప్రతుల్లో వుంటుంది. చిరునామాలో అతికించిన టోకెను, తెచ్చుకున్న సరుకు పక్కనే గిట్ దస్త్రంలో కూడా నమోదవుతుంది. యిది పిల్లల పొరపాటని కొట్టిపారేయకండి. 2016లో వూబర్ కంపెనీ ప్రైవేటు గిట్‌హబ్ గదిలోకి దొంగలు ప్రవేశించి, అక్కడ వ్రాసివున్న అమెజాన్ గిడ్డంగి తాళంచెవి పట్టుకుపోయారు. 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. లోకానికి ఆ సంగతి తెలిసింది 2017 నవంబరులో.

కాబట్టి మేమిద్దరం కూర్చుని చేసిన యేర్పాటు యిది. గిట్‌హబ్‌లో 2022 నుంచి కొత్తరకం టోకెను వున్నది. అది యే గదికి, యే పనికి, యెన్నాళ్లకు అని మనమే చెప్పవచ్చు. ఆ వొక్క గదికే, చదవడానికి మాత్రమే, 30 రోజుల గడువుతో టోకెను తీసుకున్నది. దాన్ని నోటుబుక్కులో వ్రాయలేదు. కోలాబ్‌లో యెడమపక్క తాళంచెవి బొమ్మ వుంటుంది. 2023లో వచ్చిన యీ సీక్రెట్స్ అరలో టోకెనును వొక పేరు పెట్టి దాచింది. ప్రోగ్రాము ఆ పేరు చెప్పి అడుగుతుంది. యే నోటుబుక్కుకు చూపాలో మన యిష్టం. నోటుబుక్కు యెవరికి పంపినా అర వెంట వెళ్లదు. అయితే వూరూ పేరూ తెలియని నోటుబుక్కుకు ఆ అనుమతి యివ్వకూడదు. అది టోకెనును చదువుకుని యెక్కడికైనా పంపగలదు. సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని టోకెనును తెర మీద అచ్చు వేయించకూడదు. ఆ జవాబు కూడా నోటుబుక్కులో నిలిచిపోతుంది.

యిక సరుకు తెచ్చుకునేటప్పుడు, గిట్ అడిగిన క్షణంలోనే టోకెను అందించే ఆస్క్‌పాస్ అనే మార్గం వున్నది. అది కష్టమనిపిస్తే, తెచ్చుకున్న వెంటనే దస్త్రంలోని చిరునామా మార్చి, టోకెను లేనిది పెట్టాలి.

ఇంత చేసినా యెక్కడో జారిపోయిందనుకోండి. తుడవడంతో సరిపెట్టుకోకండి. ముందు గిట్‌హబ్‌కు వెళ్లి టోకెనునే రద్దు చేయించాలి. రద్దయిన టోకెను యెవరికి దొరికినా చిత్తు కాగితమే.

పోయిన నెలలో మిల్లు యజమాని స్వయంగా అడిగాడట: "అమ్మా, నా ఫొటోలు యెవరెవరు చూడగలరు?" పిల్ల తడుముకోకుండా పేర్లు చెప్పింది. నాలుగు రోజుల్లో యింకో వెయ్యి ఫొటోలు వచ్చాయి.

మీ యింట్లోనూ యిటువంటి చదువు చదివే పిల్లలుంటే, రాత్రి భోజనాల దగ్గర మూడు ప్రశ్నలు వేయండి. మీ టోకెను యే గదికి? యే పనికి? యెప్పటిదాకా? మూడింటికీ జవాబు వస్తే పెరుగన్నంలో వో మామిడిపండు అదనంగా వేయండి. రాకపోతే, పండు తర్వాత. ముందు ఆ టోకెను రద్దు చేసి రమ్మనండి.